చేపపిల్లలు వదలని నది

"మరి వీళ్ళు సీడు ఏ నెల్లో వేస్తారు?" అనడిగాడు మా బావ.

పడవలో ముందు సీటు బావది, వెనక సీటు నాది. మధ్యలో తెడ్లు పట్టుకుని గైడు. అమెరికాలో మొంటానా రాష్ట్రం, మాడిసన్ నది, జులై మొదటి వారం. అక్కా బావా ఇండియా నుంచి వస్తే సియాటిల్ నుంచి పన్నెండు గంటలు కారు నడిపి ఎల్లోస్టోన్ తీసుకొచ్చాను. మనవాళ్ళు ఎల్లోస్టోన్ వస్తే వేడినీటి బుగ్గల ముందు ఫోటోలు దిగి, అడవిదున్న కనపడితే కారాపి, పులిహోర డబ్బా ఖాళీ చేసి వెళ్ళిపోతారు. మేమూ అదే చేశాం. ఒక్కరోజు మాత్రం బావ పట్టుబట్టి ఫ్లై ఫిషింగ్ గైడుని మాట్లాడించాడు. ఇద్దరికీ కలిపి ఏడొందల డాలర్ల పైనే. పైగా పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. "డబ్బులిచ్చి చేపని పట్టి వదిలెయ్యడమేంటి బావా?" అన్నాను. "చేపల మీద బతికినోళ్ళం, ఆ ముచ్చటా చూద్దాం" అన్నాడు.

బావది కైకలూరు దగ్గర పల్లె. వాళ్ళ తాత వరి పండించిన పొలాన్ని వాళ్ళ నాన్న చేపల చెరువు చేశాడు. శీలావతి, బొచ్చె, సీడు రేటు, తవుడు రేటు, ఐసు రేటు... బావ చిన్నప్పట్నుంచి వింటూ పెరిగిన మాటలివి. అందుకే మధ్యాహ్నం లోపు మా ఇద్దరికీ కలిపి ఐదారు చేపలు తగిలేసరికి ఆయనకి ఆ అనుమానం వచ్చింది. ఇన్ని చేపలున్నాయంటే ఎవరో పిల్లల్ని వదులుతూ ఉండాలి కదా.

నేను ఆ ప్రశ్నని ఇంగ్లీషులో గైడుకి చేరవేశాను. అరవై దాటిన మనిషి. తెడ్డు ఆపకుండానే, "1974 నుంచి ఈ నదిలో ఎవరూ చేపలు వదల్లేదు" అన్నాడు.

బావ నా వైపు తిరిగి, "ఏంట్రా, యాభై ఏళ్ళుగా సీడు వెయ్యకుండానా? ఆయన నిన్ను ఆట పట్టిస్తున్నాడు" అన్నాడు.

ఆట పట్టించలేదు. ఇంటికొచ్చాక ఆ 1974 వెనక ఏముందో తెలుసుకోవాలని మొదలుపెట్టి నాలుగు నెలలు చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, మాడిసన్ చరిత్రలో చాలా భాగం మనుషులు ఆ నదిలో ఏమేం పోశారన్న చరిత్రే. అందులో అన్నిటికన్నా కష్టమైన పని, పొయ్యడం ఆపడం.

*

ముందు నది గురించి కొంచెం. ఎల్లోస్టోన్ పార్కు లోపల ఫైర్‌హోల్, గిబ్బన్ అని రెండు ఏర్లు కలిసిన చోట మాడిసన్ పుడుతుంది. ఫైర్‌హోల్‌లోకి వేడినీటి బుగ్గల నీళ్ళు వచ్చి చేరతాయి. పార్కు దాటాక హెబ్గెన్ డ్యామ్, దాని కిందే క్వేక్ లేక్. 1959 ఆగస్టు 17 అర్ధరాత్రి వేళ వచ్చిన భూకంపానికి ఒక కొండ చరియ మొత్తం విరిగి నదికి అడ్డంగా పడింది. 28 మంది చనిపోయారు. నీళ్ళు వెనక్కి తన్ని ఆ సరస్సు ఏర్పడింది. అందులో మునిగిన చెట్ల మోళ్ళు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. అక్కణ్ణుంచి ఎన్నిస్ అనే చిన్న ఊరు దాకా నది ఎక్కడా పెద్దగా ఆగదు, లోతైన మడుగులూ తక్కువే. రాళ్ళ మీద గలగలమంటూ ఒకటే పరుగు. జాలర్లు ఆ మేరకి పెట్టుకున్న ముద్దుపేరు కూడా 'యాభై మైళ్ళ గలగల' అనే అర్థం వచ్చేదే. చివర్లో జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరీ అవుతుంది. 1805లో ఆ సంగమం దగ్గరికి చేరిన లూయిస్, క్లార్క్‌లు మూడు నదులకీ అప్పటి ప్రెసిడెంటు పేరు, ఇద్దరు మంత్రుల పేర్లు పెట్టేశారు. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఆ లోయలో తిరిగిన షోషోనీ, బానక్, సాలిష్, బ్లాక్‌ఫీట్ జనాలు ఆ నదుల్ని ఏమని పిలిచేవాళ్ళో అమెరికా మ్యాపులో లేదు.

లూయిస్, క్లార్క్‌ల పేర్లు చేపకి కూడా అంటుకున్నాయి. మాడిసన్‌లో మొదట్నుంచీ ఉన్న ట్రౌట్ ఒక్కటే, కట్‌త్రోట్. దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి గీత ఉంటుంది, అందుకే ఆ పేరు. దాని శాస్త్రీయ నామంలో ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దానితో పాటు వైట్‌ఫిష్, పెద్ద రెక్కని తెరచాపలా విప్పే గ్రేలింగ్. స్థానికులంటే ముఖ్యంగా ఈ మూడే.

ఆ రోజు మాకు దొరికినవన్నీ బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్. ఒక్క కట్‌త్రోట్ లేదు. ఒక్క గ్రేలింగ్ లేదు.

*

రెయిన్‌బో కాలిఫోర్నియాది, బ్రౌన్ జర్మనీది. అవి మొంటానా కొండల్లోకి ఎలా వచ్చాయో తెలియాలంటే పంతొమ్మిదో శతాబ్దపు ఒక పెద్ద ఉత్సాహం గురించి చెప్పుకోవాలి.

1871లో అమెరికా ప్రభుత్వం ఫిష్ కమిషన్ అని ఒక సంస్థ పెట్టింది. దేశంలో చేపలు తగ్గిపోతున్నాయి, వాటిని పెంచాలి. తగ్గడానికి కారణాలు అందరికీ తెలిసినవే: మితిమీరి పట్టడం, అడ్డుకట్టలు, నదుల్లోకి వదిలే మురికి. కానీ వాటిని ఆపాలంటే మనుషులతో గొడవ పెట్టుకోవాలి. చేపగుడ్లు పొదిగించి పిల్లల్ని వదలడానికి ఎవరితోనూ గొడవ లేదు. 1872లో లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఆయన కాలిఫోర్నియాలో మెక్‌క్లౌడ్ నది ఒడ్డున కమిషన్ తరఫున హ్యాచరీ పెట్టాడు. అది విన్నెమెమ్ వింటూ తెగ వాళ్ళ నేల. మొదట సాల్మన్ గుడ్లు, కొన్నేళ్ళకి రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు అక్కణ్ణుంచి రైలెక్కాయి, ఓడెక్కాయి. అమెరికా తూర్పు తీరానికి, జపాన్‌కి, జర్మనీకి చేరాయి. ఈ ఉత్సాహం అమెరికాకే పరిమితం కాదు. 1900 ప్రాంతాల్లో కశ్మీర్ ఏళ్ళలోకి బ్రౌన్ ట్రౌట్ తెచ్చినదీ, తర్వాత నీలగిరుల్లోకి రెయిన్‌బోని తెచ్చినదీ బ్రిటిష్ దొరల్లోని ఇదే సరదా.

ఎదురు దిశలో, 1883 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి ఫాన్ బేర్ అనే జమీందారు పంపిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు న్యూయార్క్ రేవులో దిగాయి. మరుసటేడు మిషిగన్‌లో ఒక ఏట్లో పిల్లల్ని వదిలారు. ఐదారేళ్ళలో ఆ ఉత్సాహం ఎల్లోస్టోన్‌కీ చేరింది. పార్కు నీళ్ళలో నలభై శాతం దాకా అసలు చేపలే లేవు. ఎత్తైన జలపాతాలు దాటి చేప పైకి ఎక్కలేదు కాబట్టి ఆ పైనున్న ఏళ్ళన్నీ ఖాళీ. అప్పటి పార్కు అధికారి కెప్టెన్ బూటెల్ కంటికి అది వృథాగా కనిపించింది. ఆయన అడిగితే, 1889లో ఫిష్ కమిషన్ ఆ నీళ్ళని సర్వే చెయ్యడానికి డేవిడ్ స్టార్ జోర్డన్‌ని పంపింది. రెండేళ్ళకి స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీకి మొదటి ప్రెసిడెంటు అయినాయన ఈయనే. రైళ్ళలో పాలక్యాన్లు వచ్చాయి, వాటినిండా చేపపిల్లలు. రైలు ఆగిన చోట్నుంచి గుర్రబ్బళ్ళ మీద, కంచరగాడిదల మీద కొండల్లోకి.

1890లో జర్మన్ బ్రౌన్ ట్రౌట్ పిల్లల్ని వదిలింది ఫైర్‌హోల్‌లో కలిసే ఒక ఏట్లో. దాని పేరు నెజ్ పెర్స్ క్రీక్. ఈ పేరు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. 1877లో సొంత నేల నుంచి తరిమేస్తే నెజ్ పెర్స్ తెగ వాళ్ళు పిల్లాపాపలతో, గుర్రాలతో, వెనక సైన్యం తరుముతుంటే ఎల్లోస్టోన్ మీదుగా పారిపోయారు. ఆ ఏటి ఒడ్డునే వెళ్ళారు. కెనడా సరిహద్దు ఇంకో నలభై మైళ్ళుందనగా అక్టోబర్ 5న లొంగిపోయారు. సరిగ్గా 13 ఏళ్ళకి అదే ఏట్లోకి ఎక్కడో జర్మనీ నుంచి వచ్చిన చేపని ప్రేమగా వదిలారు. ఒక చేప కోసం పాలక్యాను మోసిన ప్రభుత్వమే ఆ మనుషుల వెనక సైన్యాన్ని పంపింది. దీని మీద నేను వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు.

కొత్త చేపలు కుదురుకున్నాయి. రెయిన్‌బోలు కట్‌త్రోట్‌లతో జతకట్టి సంకరం చేసేశాయి. బ్రౌన్ ట్రౌట్ పెద్దవైతే ఇతర చేపల్ని తింటాయి. డ్యాములొచ్చి, నీళ్ళు పొలాలకి మళ్ళి, గ్రేలింగ్‌లకి చోటు లేకుండా పోయింది. మాడిసన్ చేపల లెక్కల్లో స్థానికం అనే పేజీ పల్చబడిపోయింది.

*

ఇప్పుడు మళ్ళీ పడవలోకి.

ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి ఎర ఉండదు. ఈకా, బొచ్చూ, దారం కలిపి కొక్కేనికి కట్టిన బొమ్మ పురుగు ఉంటుంది. దానికి బరువు లేదు, కాబట్టి విసరాల్సింది లావుపాటి లైనుని. లైను గాల్లో వెనక్కి సాగి, ముందుకొచ్చి, పురుగుని నీళ్ళ మీద మెత్తగా దించాలి. జులై మొదట్లో మాడిసన్ మీద సాల్మన్‌ఫ్లై అనే పెద్ద రాతిపురుగులు బయటికొస్తాయి. మన చూపుడువేలంత ఉంటాయి, పొట్ట నారింజ రంగు. కొన్నేళ్ళు రాళ్ళ కింద బతికి, ఒడ్డెక్కి, రెక్కలు విప్పి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నీళ్ళ మీద వాలతాయి. ట్రౌట్‌కి అది పండగ. మా గాలాలకి ఉన్నవి వాటి బొమ్మలే.

కష్టం విసరడంలో కాదు, ఆ తర్వాత. పురుగున్న చోట నీళ్ళు నెమ్మది, లైను పడ్డ చోట వేగం. లైను ముందుకి కొట్టుకుపోయి పురుగుని లాగేస్తుంది. నీళ్ళకి అడ్డంగా ఈదే పురుగుని ట్రౌట్ నమ్మదు. అందుకని లైను మధ్య భాగాన్ని ఎత్తి ఎగువకి తిప్పాలి. రోజంతా గైడు మాకు చెప్పింది ఈ ఒక్కటే: తిప్పు, తిప్పు, ఇంక వదిలెయ్. చేప ఎక్కడుందో నాకెప్పుడూ కనపడలేదు. ఆయనకి కనపడేది. "ఆ నల్లరాయి వెనక, నీడ చివర" అనేవాడు. పురుగుని అక్కడ దించగలిగినప్పుడు చేప ఉండేది.

రాయి వెనకే ఎందుకు? అక్కడ ప్రవాహం ముక్కలై బలం తగ్గుతుంది. చేప ఈదే శ్రమ లేకుండా నిలబడుతుంది. ఒక్క జానెడు పక్కన తిండి మోసుకొచ్చే వేగం ఉంటుంది. అలాంటి చోట్లు నదిలో లెక్కపెట్టినన్నే. పెద్ద చేపలు మంచి చోట్లు పట్టుకుంటాయి, చిన్నవి తర్వాతి చోట్లు. ఎవరి చోటు ఎవరిదో తేలిపోయాక గొడవలు తక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

*

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో మధ్యతరగతి చేతిలో కారు, సెలవులు, గాలం, మూడూ ఒకేసారి వచ్చాయి. మాడిసన్ ఒడ్డున జనం పెరిగారు. ప్రభుత్వ హ్యాచరీలు సిమెంటు తొట్లలో రెయిన్‌బోల్ని జానెడు పొడుగు దాకా పెంచి, పట్టుకోడానికి సిద్ధంగా, లారీల్లో తెచ్చి వంతెనల దగ్గర నదిలో కుమ్మరించేవి. లారీ ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్ళు దాని వెనకే వచ్చేవాళ్ళు. ఎన్ని వేల చేపలు వదిలామన్నదే శాఖ పనితీరుకి కొలత. చేపలెక్కువ కావాలంటే ఎక్కువ వదలాలి, ఇందులో అనుమానించడానికి ఏముంది?

1960ల చివర్లో మొంటానా మత్స్యశాఖలో డిక్ విన్సెంట్ అనే యువ శాస్త్రవేత్త మాడిసన్‌లో చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన మొదలెట్టింది హ్యాచరీల కోసం కాదు. హెబ్గెన్ డ్యామ్ చలికాలంలో నీళ్ళు తగ్గించి వదలడం వల్ల చేపలకి ఎంత నష్టమో తెలుసుకోవడం కోసం.

పారే నదిలో చేపల్ని లెక్కపెట్టడం ఎలా? పడవ నుంచి నీళ్ళలోకి కరెంటు పంపుతారు. చేపలు కాసేపు సొమ్మసిల్లి తేలతాయి. వాటిని కొలిచి, రెక్క కొస కొంచెం కత్తిరించి, వదిలేస్తారు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అక్కడే పడతారు. మొదటిసారి 100 చేపలకి గుర్తు పెట్టామనుకుందాం. రెండోసారి 100 పడితే అందులో 10 గుర్తున్నవి కనిపించాయి. అంటే మన గుర్తులు మొత్తంలో పదోవంతు, నదిలో సుమారు 1,000 చేపలున్నట్టు. ఎనిమిదో తరగతి లెక్క. కానీ అంతవరకూ ఇంత పెద్ద నదిలో దీన్ని ఏళ్ళ తరబడి ఓపిగ్గా చేసినవాళ్ళు దాదాపు లేరు. ఎన్ని పోశామో అందరి దగ్గరా లెక్కుంది, ఎన్ని ఉన్నాయో ఎవరి దగ్గరా లేదు.

లెక్కలు వస్తున్నకొద్దీ విన్సెంట్‌కి ఒకటి అర్థం కాలేదు. నీటి మట్టం బాగున్న చోట కూడా, లారీలొచ్చే మేరలో సహజంగా పుట్టిన చేపలు ఉండాల్సినన్ని లేవు. అప్పుడు ఆయన చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన భాగం. ఎన్నిస్ దగ్గర వార్నీ అనే మేరలో ఎప్పట్నుంచో చేపలు వదులుతున్నారు, అక్కడ ఆపించాడు. పక్కనే ఓడెల్ క్రీక్ అనే ఏట్లో వదలడం లేదు, అక్కడ మొదలుపెట్టించాడు. రెంటినీ కొన్నేళ్ళు లెక్కపెట్టాడు. మేం ఆఫీసులో ఏ ఫీచరన్నా పనికొస్తుందో లేదో తేల్చడానికి సగం మందికి చూపించి సగం మందికి దాచేస్తాం. ఇదీ అంతే, కాకపోతే నది మీద.

ఫలితాలు ఎవరూ అనుకోనివి. చేపలు పొయ్యడం ఆపిన వార్నీ దగ్గర బ్రౌన్ ట్రౌట్ రెట్టింపు దాటాయి, సహజంగా పుట్టిన రెయిన్‌బోలు ఇంకా ఎక్కువ పెరిగాయి. కొత్తగా పొయ్యడం మొదలెట్టిన ఓడెల్ క్రీక్‌లో రెండేళ్ళు దాటిన బ్రౌన్ ట్రౌట్ దాదాపు సగానికి పడిపోయాయి.

కారణం ఇందాక చెప్పిన రాయి వెనక చోటే. సిమెంటు తొట్లో వేలమందిలో ఒరుసుకుంటూ పెరిగిన చేపకి చోటు, హద్దు అనేవి తెలియవు. వందల్లో ఒకేసారి వచ్చి పడి, నదిలో పుట్టిన చేపల చోట్లలోకి తోసుకొస్తాయి. అవి కొట్లాడి, బెదిరి, తిండి మానేసి, బలహీనపడతాయి. ఇంతా చేసి కొత్తవి మాత్రం నిలుస్తాయా అంటే, ప్రవాహంలో నిలబడటం, పురుగుని గుర్తుపట్టడం రాక చాలావరకు ఆ చలికాలం దాటవు. మిగిలేది ఇద్దరికీ లేని నది.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించింది ఇంకోటి. లారీలు వస్తున్నంత కాలం డ్యామ్ నీళ్ళ గురించి ఎవరూ గట్టిగా అడగలేదు. చేపలు తగ్గాయా, ఇంకో రెండు లారీలు పంపండి. జబ్బు ఏమిటన్న ప్రశ్నని ఆ లారీలే మూసిపెట్టాయి. ఫిష్ కమిషన్ కాలం నుంచీ జరిగింది ఇదే.

ఈ ఫలితాలు చెప్పినప్పుడు ఊళ్ళలో చప్పట్లు కొట్టలేదు. దుకాణాలు, మోటళ్ళు, గైడ్లు చాలామంది ఎదురు తిరిగారు. లారీ ఆగితే టూరిస్టు ఆగుతాడని వాళ్ళ భయం. అది అన్యాయమైన భయం కూడా కాదు, వాళ్ళ బతుకు దాని మీదే. అవతలి పక్క కూడా వ్యాపారులున్నారు. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో 1950ల మొదట్నుంచీ ఫ్లై షాపు నడిపిన బడ్ లిల్లీ, పట్టిన చేపని వదిలెయ్యండని తన దగ్గరికొచ్చేవాళ్ళకి నూరిపోశాడు. ఒక చేపని ఒక్కసారే పట్టుకుని తినేస్తే దాని విలువ అంతటితో అయిపోతుందని గైడ్లకి అర్థమవడానికి సమయం పట్టింది. చివరికి 1974లో, తమంతట తాము పుట్టి పెరిగే ట్రౌట్ ఉన్న నదుల్లో, ఏళ్ళలో హ్యాచరీ చేపలు వదలడం మొంటానా ఆపేసింది. తర్వాతి ఏళ్ళలో చేపలు పెరిగాయి, వాటి వెనకే టూరిస్టులూ పెరిగారు. మా ఏడొందల డాలర్లు ఆ లెక్కలోవే.

*

కథ ఇక్కడితో ఆపితే మంచి నీతికథ. కానీ నది ఆగదు కదా.

1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ సినిమా 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' వచ్చింది. నార్మన్ మక్లీన్ 1976 నాటి పుస్తకం ఆధారంగా, మొంటానాలో తీసినదే. బంగారు వెలుతురులో లైను విసిరే బ్రాడ్ పిట్‌ని చూసి దేశమంతా గాలం కొనుక్కుంది. సరిగ్గా అదే సమయంలో ఎగువ మాడిసన్‌లో రెయిన్‌బోలు మాయమైపోతున్నాయి. మూడు నాలుగేళ్ళలో 90 శాతం పోయాయి. 1994 డిసెంబర్‌లో కారణం తేలింది: వర్లింగ్ డిసీజ్. కంటికి కనపడని పరాన్నజీవి ఒకటి పిల్లచేప మృదులాస్థిని తినేస్తుంది. తోక నల్లబడుతుంది. బ్యాలెన్స్ తప్పి చేప తన తోకని తానే తరుముతున్నట్టు గిరగిరా తిరిగి చచ్చిపోతుంది. దాన్నుంచి రాలిన బీజాలు బురదలో ఏళ్ళ తరబడి బతికి, అక్కడి ఎర్రటి సన్న పురుగుల్లో దూరి, మళ్ళీ చేపలోకి వస్తాయి.

ఈ జబ్బు సొంతూరు యూరప్. అక్కడి బ్రౌన్ ట్రౌట్‌కి దానితో పాత పరిచయం, పెద్దగా లొంగదు. పంతొమ్మిదో శతాబ్దం చివర కాలిఫోర్నియా రెయిన్‌బోని జర్మనీ తీసుకెళ్ళి పెంచినప్పుడే దీన్ని మొదట గుర్తించారు. 1950ల్లో అది అమెరికాలో పెన్సిల్వేనియా హ్యాచరీలో కనిపించింది. తర్వాత వ్యాపించడానికి పెద్ద దారి, ఒక హ్యాచరీ నుంచి ఇంకో నదికి చేపల్ని తరలించడమే. అంటే, మెక్‌క్లౌడ్ నుంచి బయల్దేరిన ప్రయాణం ప్రపంచం చుట్టి, జబ్బు వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

చేపలు పోయినప్పుడు మళ్ళీ అదే మాట వినిపించింది: లారీలు పంపండి. పంపలేదు. అప్పటికి సీనియర్ అయిన విన్సెంట్ ఈసారి ఆ జబ్బు మీద పనిచేశాడు. రెయిన్‌బోలు కోలుకోడానికి ఏళ్ళు పట్టింది, అయినా కోలుకున్నాయి, పూర్తిగా కాకపోయినా. మా బావ పట్టిన రెండో చేప ఆ బతికిన వాటి సంతానమే అయ్యుంటుంది.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. మొంటానాలో ఈ చేపల్ని 'వైల్డ్ ట్రౌట్' అంటారు. నదిలో పుట్టి నదిలో పెరిగితే వైల్డ్. అది స్థానికమా కాదా అన్నది వేరే సంగతి. పాలక్యాన్లో వచ్చిన ముత్తాతకి నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత పుట్టిన మనవడు వైల్డ్. వీసా మీద బతికే నాలాంటివాడికి ఆ నిర్వచనం వెంటనే నచ్చేస్తుంది. నచ్చింది కాబట్టే అనుమానించాలి. ఎందుకంటే ఆ మనవడు నిలబడ్డ రాయి వెనక చోటు ఒకప్పుడు కట్‌త్రోట్‌ది. నేను వాడిన పోలిక చేపకి సరిపోవచ్చు గానీ, నెజ్ పెర్స్ క్రీక్ పేరు గుర్తొస్తే నోట్లో ఆగిపోతుంది.

కట్‌త్రోట్‌కి చోటు వెతకడం కూడా తేలిక కాదు. మాడిసన్ ఉపనది చెర్రీ క్రీక్‌లో 2000ల్లో, దాదాపు అరవై మైళ్ళ మేర, పరాయి ట్రౌట్‌ని మందు కలిపి తీసేసి కట్‌త్రోట్‌ని వదిలారు. తమాషా ఏమిటంటే, అక్కడ జలపాతం పైన మొదట్లో ఏ చేపా లేదు. అంటే స్థానికుణ్ణి, తను ఎప్పుడూ లేని చోటికి తీసుకెళ్ళి, స్థానికుడుగా నిలబెట్టారు. తప్పని నేననను. కింద తన ఇంట్లో తనకి చోటు మిగల్లేదు మరి. పొయ్యడం ఆపమన్నది ఎంత నిజమో, కొన్నిచోట్ల ఆపితే చాలదన్నదీ అంతే నిజం.

*

మధ్యాహ్నం గైడు ఒడ్డున పడవ కట్టి శాండ్‌విచ్‌లు తీశాడు. పైన ఎవరిదో పెద్ద బంగళా. మనం ఇక్కడ కూర్చోవచ్చా అనడిగాడు బావ. వరద నీళ్ళు మామూలుగా ఎక్కే గీత దాకా నది అందరిదీ, 1985లో చట్టం చేశారు, ఆ గీతకి అవతల ఆ బంగళా వాళ్ళది అన్నాడు గైడు. నీళ్ళు వేడెక్కితే మధ్యాహ్నం రెండు తర్వాత గాలం వెయ్యనివ్వరని కూడా చెప్పాడు. మూడు రోజులు వరసగా 73 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే నిషేధం. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, అలసిన చేపని వదిలినా బతకదు. ఇప్పుడు అలాంటి రోజులు ఎక్కువవుతున్నాయన్నాడు.

అప్పుడే ఆ రాత్రి సంగతి చెప్పాడు. 2021 నవంబర్ 30న హెబ్గెన్ డ్యామ్‌లో గేటు భాగం ఒకటి విరిగింది. సుమారు 650 క్యూసెక్కులు పారే నది ఒక్కసారిగా సగానికన్నా కిందికి పడిపోయింది. పక్క పాయలు ఎండిపోయి చేపలు గుంటల్లో చిక్కుకుపోయాయి. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టి అప్పటికి కొన్ని వారాలే. గులకరాళ్ళ కింద అవి వసంతం దాకా తడిగా ఉండాలి. సంగతి తెలిసి ఎన్నిస్ చుట్టుపక్కల గైడ్లు, దుకాణాల వాళ్ళు, ఇళ్ళల్లో వాళ్ళు, చలికోట్లు వేసుకుని బకెట్లు పట్టుకుని వచ్చారు. గుంటల్లోంచి చేపల్ని ఎత్తి పారే నీళ్ళలో వదిలారు. గేటు బాగవడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. "మా ఇంట్లో ఉన్న బకెట్లన్నీ తీసుకెళ్ళాను, చెత్తబుట్టతో సహా" అన్నాడాయన.

నేను ఆ సంగతి తెలుగులో బావకి వివరించబోయాను. ఆయనకి అర్థమైపోయింది. "మా చెరువులో తెల్లారగట్ల మూడింటికి చేపలు తేలేవి. గాలాడక, నోళ్ళు తెరుచుకుని. నాన్న కేక వేస్తే ఊరంతా లేచొచ్చేది. ఇంజన్లు పెట్టి నీళ్ళు చిమ్మేవాళ్ళం. ఆయనకి చెప్పు" అన్నాడు. చెప్పాను. గైడు తలూపాడు. ఆయనకి చెరువులో ఏరియేటర్ల గురించి తెలియదు, బావకి ట్రౌట్ గురించి తెలియదు, ఇద్దరికీ ఆ మూడింటి సంగతి తెలుసు.

చెరువు వేరు, నది వేరు. చెరువుకి సీడు కావాలి, మేత కావాలి, అందులో తప్పేం లేదు. నదికి కావలసింది నీళ్ళు, చల్లదనం, శుభ్రమైన గులకరాళ్ళు, తన చోటు. అవి ఇవ్వడం లారీ పంపినంత తేలిక కాదు, ఫోటో తీయించుకోడానికీ పనికిరాదు.

సాయంత్రం పడవ దిగాక బావ చాలాసేపు మాట్లాడలేదు. కారెక్కాక అన్నాడు. "మన పులసకి ఎవడు సీడు వేశాడ్రా? గోదారే పెంచింది. ఆనకట్ట దాటి పైకి పోనిస్తే ఇంకెన్ని ఉండేవో."

నేను కారు స్టార్ట్ చేశాను. కిటికీ పక్కన నది గలగలమంటూనే ఉంది.